ఒంటిపద్యపు పియానో శతకం, టీకా తాత్పర్యాలతో

ఎడమ చేయి కుడికి నెదురుగాఁ బలుకంగ
కుదురు దప్పనట్టి కూర్పు గొనుము
చెవికి నచ్చినట్టి చిన్నదే చాలును
పేరు పెద్దదైనఁ బ్రీతి యగునె

అవతారిక: రాయ్‌పూర్‌లో పియానో నేర్చుకునే తెలుగు విద్యార్థి బరోక్ కాలపు తొలి పాఠాలు ముగించి, "తర్వాత ఏది?" అని అడిగినట్టు భావించి చెప్పిన ఆటవెలది ఇది. కర్త ఎవరని పరిశోధించనక్కర్లేదు. వ్యాఖ్యానించడానికి పద్యం దొరక్క వ్యాఖ్యాతే రాసుకున్నాడు.

ప్రతిపదార్థం: ఎడమ చేయి = ఇన్నాళ్లూ వెనకే నడిచిన చేయి; కుడికి = రాగమంతా తనదేననుకునే చేతికి; ఎదురుగాఁ బలుకంగ = బదులు చెబుతుండగా (తిరగబడుతుండగా అని పాఠకుల అనుభవం); కుదురు దప్పనట్టి = లయ చెదరనట్టి; కూర్పు = రచనను; కొనుము = స్వీకరింపుము (దుకాణంలో అని కాదు); చెవికి నచ్చినట్టి = మళ్లీ వినాలనిపించే; చిన్నదే = రెండు పేజీలదే; చాలును = సరిపోవును; పేరు పెద్దదైనన్ = అట్ట మీద మహానుభావుల పేరున్నంత మాత్రాన; ప్రీతి యగునె = ఆనందం కలుగునా? కలగదని భావం.

తాత్పర్యం: తర్వాతి రచనను దాని ఖ్యాతిని బట్టి కాక, అది ఎడమచేతికి ఇచ్చే పనిని బట్టి ఎంచుకోవాలి.

విశేషం: పద్యం ఎడమచేతితో మొదలుకావడానికి కారణం ఉంది. మన వైపు మెట్ల వాద్యం అనగానే గుర్తొచ్చేది హార్మోనియం. ఛత్తీస్‌గఢ్ జానపద నాటకమైన నాచాలోనైనా, తెలుగువారి భజనలోనైనా కుడిచేయి పాడుతుంది, ఎడమచేయి తిత్తి ఆడిస్తుంది. ఒకటి విద్వాంసుడైతే రెండోది పంకా లాగే బంట్రోతు. ఈ అలవాటుతో పియానో ముందు కూర్చున్నవారికి కొరత కుడిచేతిలో ఉండదు, ఎడమచేతిలోనే. దానికి మందు బరోక్ స్వరకర్త బాఖ్ దగ్గరుంది. ఆయన 1720లో తొమ్మిదేళ్ల పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం మొదలుపెట్టిన పుస్తకంలోని పాఠాలే, 1723 నాటి శుభ్రప్రతిలో 15 రెండు గొంతుల ఇన్వెన్షన్లయ్యాయి. రెండు గొంతులనూ స్పష్టంగా పలికించడం, పాడుతున్నట్టు వాయించడం నేర్పాలన్నదే తన ఉద్దేశమని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. మొదటిది సి మేజర్, అంటే మన శంకరాభరణం. కుడిచేయి "సరిగమ రిగస ప" అంటుంది. అర ఆవర్తం గడిచేసరికి ఎడమచేయి ఒక స్థాయి కింద అదే మాట అందుకుంటుంది. మొత్తం 22 ఆవర్తాల్లో బంట్రోతుకు పంకా లాగే పని ఒక్కసారీ పడదు.

పూర్వపక్షం ఒకటి: పేరున్న రచన అయితే ఇంటికొచ్చిన చుట్టాలు గుర్తుపడతారు కదా? పడతారు. అయితే ఆ గుర్తింపు ఎంత నమ్మదగిందో చూడండి. ప్రపంచమంతా బాఖ్ మెనుయెట్‌గా వాయించిన జి మేజర్ మెనుయెట్ ఆయనది కాదని, క్రిస్టియన్ పెట్సోల్డ్ రాసిందని 1970లలో తేలింది. స్వరం ఒక్కటీ మారలేదు, మారింది అట్ట మీది పేరే. ఇక బాఖ్ 1722 నాటి సంపుటంలోని సి మేజర్ ప్రెల్యూడ్‌ను తెలియనివారు అరుదు. అందమైనదే. కానీ 35 ఆవర్తాల్లో దాదాపు చివరివరకూ ఎడమచేయి రెండేసి స్వరాలు మోపి ఊరుకుంటుంది. ఖ్యాతిలో మొదటిదైనా మన పరీక్షలో అది నెగ్గదు.

పూర్వపక్షం రెండు: ఈ ఇన్వెన్షన్లు పియానోకు ముందటి హార్ప్సికార్డ్ నాటివి, పియానోపై, అందులోనూ ఇంట్లోని 61 మెట్ల కీబోర్డుపై వాయించడం అపచారం కాదా? హార్ప్సికార్డ్‌లో వేలి బలంతో ధ్వని పెరగదు, తగ్గదు. పియానోలో రెండు గొంతులనూ వేరువేరుగా వినిపించే వీలుంది. పాడినట్టు వాయించమన్న గురువు మాటకు అది సాయమే. ఈ ఇన్వెన్షన్లు నాలుగు స్థాయిల్లో, 49 మెట్లలోనే ఇమిడిపోతాయి. కాబట్టి 88 మెట్ల పియానో లేదన్న సాకు చెల్లదు.

పూర్వపక్షం మూడు: బాఖ్‌తో పాటు 1685లోనే పుట్టిన డొమెనికో స్కార్లట్టి 555 సొనాటాలు రాశాడే, వాటి గతి ఏమిటి? వాటిలో కొన్నిటి మెరుపు దూకుళ్లలో, చేతులు ఒకదానిపై ఒకటి దాటడంలో ఉంది. దాటాలంటే ముందు రెండు చేతులూ నడవగలగాలి. అందుకే వాటిని కాదనడం లేదు, వాయిదా వేస్తున్నాం.

ఫలశ్రుతి: మొదటి ఇన్వెన్షన్ రానివారు దానితోనే మొదలుపెట్టండి. వచ్చినవారు నాలుగోది, డి మైనర్, తీసుకోండి. 52 చిన్న ఆవర్తాలు. కీరవాణి స్వరాలు షడ్జం నుంచి ధైవతం దాకా ఎక్కి, గభాలున కింది నిషాదంలోకి దూకుతాయి. మూడో ఆవర్తంలో ఎడమచేయి అదే దూకుడు దూకుతుంది. నడుమ కొన్ని ఆవర్తాల పాటు ఆగని కంపితం దాని వాటాకూ వస్తుంది. నాలుగోది నచ్చనివారు వేరే ఏది ఎంచుకున్నా, ముందు ఎడమచేతి వరుస ఒక్కటే వాయించి వినండి. అది పాటలా వినిపిస్తే ఉంచుకోండి, తిత్తి ఊదినట్టుంటే పేజీ తిప్పండి.