నోటెడ్ సర్!

ఇక మూడో తరగతి నుంచే ఏఐ. 2026-27 నుంచి అట, ఢిల్లీవారు సెలవిచ్చారు. పిల్లలకు చదవడమే రావడం లేదని గొణిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, పట్టించుకోకండి. 2024 అసర్ సర్వేలో పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. అయితే ఏం? చదవడం ఏఐకి వచ్చుగా!

అసలు మన తరగతి గది ఎప్పుడో డిజిటల్ అయిపోయింది. కాకపోతే పిల్లల వైపు నుంచి కాదు, టీచరు వైపు నుంచి. మా అక్క గవర్నమెంటు బడి టీచరు. పక్కవాటాలోనే ఉంటుంది కాబట్టి ఆ విప్లవం నాకు గోడలోంచి వినిపిస్తూనే ఉంటుంది. టింగ్. టింగ్.

శిక్షణ తరగతుల్లో ‘సహకార అభ్యసన సాధనాలు’ అని గొప్పగా చెబుతారు. నలుగురూ చేరి ఒకే కాగితం మీద కలిసి రాసుకుని, ఒకరి తప్పు ఇంకొకరు దిద్దుకోవడమట. మన దగ్గర దాని పేరు వాట్సాప్ గ్రూపు. బడికొకటి, స్కూలు కాంప్లెక్సుకొకటి, మండలానికొకటి. అడ్మిన్ తప్ప ఎవరూ నోరెత్తకూడనిది మరొకటి. పైనుంచి ఒకరు చెబుతారు, కింద అందరూ బొటనవేలు చూపిస్తారు. పాపం ఏకలవ్యుడు ఒక్కసారే ఇచ్చాడు. మా అక్క రోజూ ఇస్తుంది, అదీ పసుపు రంగులో.

పొద్దున్నే ‘హాజరు పెండింగ్‌లో ఉన్న పాఠశాలల జాబితా’ వస్తుంది. పదింటికి అదే జాబితా ఎర్ర రంగు పులుముకుని మళ్లీ వస్తుంది. పదకొండింటికి ‘వెరీ పూర్ ప్రోగ్రెస్. పక్క మండలం నూరు శాతం.’ దాని కింద వరసగా నోటెడ్ సర్, నోటెడ్ సర్, నోటెడ్ సర్. సాయంత్రం ఆరింటికి ఎవరో మేలుకుని తనూ ఒక నోటెడ్ సర్ పడేస్తాడు. ఏం నోట్ చేసుకున్నాడో ఆయనకే తెలియదు.

రాత్రి పదిన్నరకు గూగుల్ షీటు లింకు దిగుతుంది. సహకారం అంటే ఏమిటో అప్పుడు చూడాలి! మండలంలోని హెడ్మాస్టర్లందరూ ఒకేసారి ఒకే షీటులో దూరతారు. ఒకరి వరస మీద ఇంకొకరు రాస్తారు. ఒక బడి మరుగుదొడ్ల లెక్క పక్క బడి పిల్లల గడిలో వెళ్లి కూర్చుంటుంది. ఎవరో ఫిల్టర్ పెడతారు, సగం మండలం మాయం. ‘నా వరస ఎవరండీ డిలీట్ చేసింది?’ అని గ్రూపులో కేక. ‘షీటును ఎవరూ సార్ట్ చేయరాదు’ అని హెచ్చరిక. నోటెడ్ సర్.

ఇంతా చేసి అందులో అడిగిన అంకెలన్నీ అంతకుముందే యాప్‌లోకి ఎక్కించినవే! తెల్లారేసరికి ఇంకో సందేశం: ‘పాత ఫార్మాట్ రద్దు. కొత్త లింకు చూడగలరు.’

టీచర్లు ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకునే ముచ్చట 2022లో ఆంధ్రలో మొదలైంది, 2025 ఆగస్టులో తెలంగాణా అందుకుంది. ఆంధ్రలో టీచర్ల చేత తీయించే మరుగుదొడ్ల ఫొటోలు మాత్రం మాన్పించారు, సంతోషం. ఇక ట్యాబుల సంగతి. 2022 డిసెంబరు 21న, అప్పటి ఆంధ్ర ముఖ్యమంత్రి పుట్టినరోజున, బైజూస్ పాఠాలు నింపి 5.18 లక్షల ట్యాబులు పంచడం మొదలుపెట్టారు. 2024 జులై నాటికి ఆ బైజూసే దివాలా కోర్టు గుమ్మం ఎక్కింది.

నవ్వులాట చాలు. ఆ ఫోను మా అక్కది. అందులో డేటా ఆమె జీతంలోది. అది చూస్తూ ఆమె పోగొట్టుకునే సమయం మాత్రం ఎదురుగా కూర్చున్న పిల్లలది. పాఠం మధ్యలో ఫోను తీస్తే, ‘టీచర్లు ఎప్పుడూ సెల్లులోనే ఉంటారు’ అని ఊళ్లోవాళ్ల చేత తిట్లు తినేదీ ఆమే. తీయకపోతే ఎర్ర జాబితా. ఇంత సిగ్గులేని ఏర్పాటు చేసి, దానికి విద్యలో సాంకేతికత అని పేరు పెట్టి, వేదికల మీద శాలువాలు కప్పుకుంటున్నారు.

పిల్లల చేతుల్లో ఫోన్లు లేవా అంటే ఉన్నాయి. అదే అసర్ లెక్కలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోను వాడడం వచ్చు. వాళ్లలో సర్వేకు ముందు వారంలో దాన్ని చదువుకు వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్లు 76 శాతం. ఆ ఫోనును చదువు వైపు తిప్పాలంటే పక్కన ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి షీటు నింపుతోంది.

అసలు మనిషంటూ ఉంటేగా! 2024-25 ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో ఒకే ఒక్క టీచరుతో నడుస్తున్న బడులు లక్ష దాటాయి. అందులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే: 12,912. ఒక మనిషి, ఒక ఫోను, ఎదురుగా అన్ని తరగతులూ. ఆమె సహకరించుకోవలసింది ఎవరితో, గోడతోనా? ఆ సహకార సాధనాల మీద శిక్షణకు పిలిస్తే, ఆ రోజు బడి ఎవరు తీస్తారు?

ముందు ఆ బడులకు ఇంకో టీచరును పంపండి. ఇద్దరూ మధ్యాహ్నం అన్నం తింటూ, ఫలానా పిల్లాడు తీసివేతల్లో ఎందుకు తడబడుతున్నాడో వాళ్లే మాట్లాడుకుంటారు. దానికి లాగిన్ అక్కర్లేదు. పదిన్నరకు లింకులు పంపే దొరలకు ఇంకో మనవి: ఈసారి షీటు మీరే నింపుకోండి. అంకెలన్నీ మీ దగ్గరే ఉన్నాయి.