గురూజీ సర్వీసు లెక్క

ఛత్తీస్‌గఢ్‌లో భేజ్జి నుంచి ఇంజరం మీదుగా కోంటకు పోయే జీపులో, ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి కనిపిస్తే ఆయన రిటైరైన గురూజీ అయి ఉంటాడు. ఎవరైనా తెలియక "మీ సర్వీసెంత?" అని అడిగారో, కోంట వచ్చేదాకా వాళ్లకు విముక్తి లేదు.

ఈ జాతి గురూజీ పాఠం హిందీలో చెబుతాడు, తిట్టేది దోర్ల భాషలో, డబ్బు లెక్కపెట్టేది తెలుగులో. 1998లో శిక్షాకర్మిగా చేరాడు. పని పంతులుదే, ఉద్యోగం మాత్రం పంచాయతీది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక కోంట బ్లాకు లోపలి ఊళ్లలో బడులు మూతపడ్డాయి. తర్వాత రోడ్డు పక్కన వెదురు గోడలతో పోటా కేబిన్ బడులు లేచాయి. బడి మారింది, పిల్లలు మారారు, హాజరు పట్టీ మాత్రం గురూజీ చంక దిగలేదు.

2018 జులై 1న శిక్షాకర్ములను విద్యాశాఖలో కలిపారు. 2022లో ఛత్తీస్‌గఢ్ పాత పింఛను తిరిగి తెచ్చింది. గురూజీ ఆ రోజు మిఠాయి పంచాడు. మిఠాయి అరిగాక లెక్క మొదలైంది. పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి, ఆ సర్వీసును లెక్కగట్టేదేమో విలీనమైన రోజు నుంచి. 1998లో చేరి 2024లో 62 నిండినవాడు 26 ఏళ్లు పాఠం చెప్పినా కాగితం మీద ఆరేళ్ల కుర్రాడే. మొదటి నియామకం నుంచీ లెక్క చూడాలని పంతుళ్ల సంఘాలు పోరాడుతున్నాయి. గురూజీ ఫైలు లావు కావడానికి కారణం అదే.

రిటైరైన మర్నాడు పొద్దున్నే ఆయన ఓ నోటుబుక్కుకు ఎర్ర సిరాతో గీతలు కొట్టాడు. నిన్నటి నిల్వ, నేటి వాడకం, మిగులు. మధ్యాహ్న భోజనం రిజిస్టరు ఇంటి వంటగదికి బదిలీ అయిందన్నమాట.

"కందిపప్పు గ్లాసున్నర పోశావేం? మనమిద్దరమే కదా?"

"రాత్రి మీ చెల్లెలి కొడుకు తిని వెళ్లాడు కదండీ. వాడికి హాజరు వెయ్యలేదా?"

గురూజీ కాసేపు ఆలోచించి, 'అతిథులు' అని మరో గడి గీశాడు.

ఆయన అసలు బాధ శబరి నది అవతల ఉంది. బావమరిది ఆంధ్రలో, చింతూరులో పంతులు. అక్కడ పదవీ విరమణ వయసు గవర్నమెంటు మారితే మారేది. 1979లో 55 నుంచి 58 చేశారు. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ మళ్లీ 55కి దించారు. 1984 ఆగస్టులో తిరిగి 58 అయింది. మధ్యలో ఇంటికి పోయినవాళ్లలో ఇంకా 58 నిండనివాళ్లను పనిలోకి తీసుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే వీడ్కోలు సభలో దండ వేయించుకున్న మనిషి అదే కుర్చీలో మళ్లీ సంతకం పెట్టాడు. ఎవరి దండ ఖర్చు ఎవరు తిరిగిచ్చారో చరిత్రకెక్కలేదు. 2014లో ఆంధ్రలో 60, 2022లో 62. తెలంగాణ 58 దగ్గరే ఆగి 2021లో 61కి వచ్చింది. చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లాలోదే. పోలవరం ప్రాజెక్టు పుణ్యమా అని ఆంధ్రలో కలిసింది. ఇల్లు కదలకుండా రాష్ట్రం మారిన ఊరది. అలాంటి ఊళ్లో పుట్టనందుకు గురూజీకి తన జాతకం మీదే కోపం.

ఆదివారం ఫోన్ చేస్తాడు.

"ఏం బావా, మళ్లీ పెంచుతున్నారా మీ దగ్గర?"

"పెంచితే మాత్రం నీకేం ఒరుగుతుంది బావా? ఇంతకీ నువ్వు మొత్తం ఎన్నేళ్లు చేశావ్?"

గురూజీ గొంతు సవరించుకున్నాడు.

"ఎవరికి చెప్పాలి? ట్రెజరీకా, సంఘానికా, మీ చెల్లెలికా?"