అమ్మ పోయిన ఇంట్లో ఎలా మసలుకోవాలి

ముందు స్టేటస్ పెట్టండి. డాక్టరు నాడి చూసి గుమ్మం దాటకముందే ఆవిడ ఫొటో, కింద "ఓం శాంతి" పడిపోవాలి. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి అన్నయ్య ఫోన్ చేసి చెప్పేలోగా, కబురు అందులోనే తెలియాలి. ఫొటో కూడా మనవరాలి పెళ్లిలో మీ పక్కన నిలబడి తీయించుకున్నది చూసి పెట్టండి. ఆవిడ కళ్లు మూసుకుని ఉన్నా పరవాలేదు, మీరు బాగా పడ్డారు కదా.

కళ్లంటే గుర్తొచ్చింది. పోయాక నా కళ్లు ఎవరికైనా ఇచ్చెయ్యండర్రా అని ఆవిడ ఎప్పుడో చెప్పే ఉంటుంది. ఆ మాట ఫ్రీజర్ బాక్సు దిగి, కాఫీలయ్యి, మేనమామగారు వచ్చాక తీయండి. కార్నియా తీసుకోవడానికి సుమారు ఆరు గంటలే గడువు. ఈలోగా ఫ్యాను కట్టేసి, రెప్పలు మూసి తడిదూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా పెడితే చాలని ఐ బ్యాంకు వాళ్లు చెబుతారు. వాళ్ల పని కాసేపట్లో అయిపోతుంది, మొహంలో తేడా కూడా తెలియదు. కానీ "వచ్చే జన్మలో గుడ్డిదై పుడుతుందిరా" అనే పెద్దమనిషి ప్రతి ఇంట్లోనూ ఒకాయన ఉంటాడు. ఆయన్ని మాట్లాడనివ్వండి. ఆరు గంటలూ ఆయనే లాగించేస్తాడు.

ఇక నాన్నగారు. ఆయన్ని వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టండి. వచ్చిన ప్రతివాళ్లూ "ఎలా జరిగిందండీ?" అని అడగాలి, ఆయన మొదట్నించీ చెప్పాలి. తెల్లారుజామున మంచినీళ్లడిగిందనీ, తాను లేచి లైటు వేసి గ్లాసు తెచ్చేసరికి... సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మీ ఫోన్ మోగాలి. రోజూ టిఫినుకి ముందు ఆయన అరచేతిలో షుగరు మాత్ర పెట్టేది ఆవిడే. నిన్నటి నుంచి ఆ మాత్ర పడలేదన్న సంగతి ఇంట్లో ఉన్న నలభైమందిలో ఒక్కరికి కూడా తట్టకూడదు. తడితే చుట్టాలు తక్కువయ్యారన్నమాట, ఇంకో నలుగుర్ని పిలిపించండి.

కర్మకాండలో లోటు రానివ్వకండి. షుగరని పదేళ్లుగా ఆవిడ నోటికి అందనివ్వని బూరెలూ పూతరేకులూ విస్తట్లో వేసి, గోదావరి ఒడ్డున పిండం పెట్టి కాకి కోసం నిలబడండి. కాకి వెంటనే రాదు. ఆవిడకేదో కోరిక మిగిలిపోయిందని పురోహితుడు అంటాడు. అప్పుడే అసలు నేర్పు కావాలి. "అమ్మా, చెల్లాయి గాజులు చెల్లాయికి ఇచ్చేస్తామే" అని పెద్దన్నయ్య అంటాడు. రాదు. "నాగుల చవితికి పుట్టలో పాలు పోయిస్తామే" అంటుంది చిన్నకోడలు. రాదు. ఇహ మిగిలిన మాట ఏమిటో అందరికీ తెలుసు. "నాన్నగారిని నా దగ్గరే ఉంచుకుంటానమ్మా" అని మాత్రం తొందరపడి మీరు అనేయకండి. అన్న మరుక్షణం వచ్చి వాలిపోతుంది, బావగారు సెల్‌ఫోన్లో వీడియో తీస్తుంటారు. ఒళ్లు మండినా సరే, ఇంకో అరగంట ఎండలో నిలబడండి. కాకికి ఆకలేస్తే అదే వస్తుంది.

మరణ ధ్రువపత్రం గురించి కంగారేమీ లేదు. ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేకుండా అయిపోతుంది కాబట్టి ఆ రోజులు దాటనివ్వండి. ఏడాది దాటితే మరీ మంచిది, మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆవిడ రిటైరైన టీచరమ్మ అయితే నాన్నగారికి రావలసిన ఫ్యామిలీ పెన్షనుకి ముందు అడిగేది ఆ కాగితమే.

బంగారం తూకం వేసేటప్పుడు ఆయన్ని పక్కగదిలో పడుకోబెట్టండి, పాపం అలిసిపోయారు కదా. వీలునామా రాయకుండా పోయిన హిందూ స్త్రీ ఆస్తిలో కొడుకులకీ కూతుళ్లకీ ఎంత వాటానో భర్తకీ అంతే వాటా అని 1956 నాటి వారసత్వ చట్టం అంటుంది. లేచి వింటే బాగుండదు.

తరవాత ఆయన్నే పంచుకోవాలి. నెలకొకరు చొప్పున వంతులు వేసుకోండి, ఫిబ్రవరి మీకు పడేలా చూసుకోండి. ఒకటో తారీఖున సంచీ సర్దుకుని ఆయనే ఆటో ఎక్కుతారు. కళ్లజోడు పెద్దవాడింట్లో, పళ్లసెట్టు చిన్నవాడింట్లో ఉండిపోతే మాత్రం వెంటనే పంపించకండి, అలవాటవుతుంది. ఆవిడతో నలభై ఏళ్లు కాపురం చేసిన ఇల్లు ఖాళీగా పెట్టుకోవడం దండగని నచ్చజెప్పి, సంవత్సరీకాల లోపు మీ పేర గిఫ్టు డీడు రాయించుకోండి.

డీడు రాయించేటప్పుడు ఒక్క జాగ్రత్త. "నా బాగోగులు చూసుకోవాలి" అన్న వాక్యం అందులో పడనివ్వకండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఒకటి 2007 నుంచి ఉంది. ఆ షరతు రాసి ఉండీ మీరు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయించుకునే దారి ఆయనకి ఉంది. పోషణ ఖర్చు ఇప్పించమని కూడా అడగొచ్చు. దరఖాస్తు పెట్టుకోవాల్సింది ఆర్డీవో దగ్గర. సాయంత్రం వాకింగుకి ఆయన్ని అటు తప్ప ఎటైనా వెళ్లనివ్వండి.