నాలుగు టిక్కీల చప్పుడు

మా అమ్మ టీవీ ముందు కూర్చుంటే ఇంట్లో రెండు సీరియళ్లు నడుస్తాయి. ఒకటి టీవీలో వచ్చేది. రెండోది, "ఏమందీ?" అని అమ్మ అడగడం, మా ఆవిడ చెప్పడం, ఆవిడ చెప్పేలోపు టీవీలో ఇంకో మాట అయిపోవడం, "ఇప్పుడేమందీ?" అని అమ్మ మళ్లీ అడగడం. మొదటిదానికి మధ్యలో ప్రకటనలన్నా వస్తాయి. రెండోదానికి అవీ లేవు.

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఒక ఊరు. నల్లరేగడి నేల. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప, రెండూ ముంచిన ఏడు పాత అప్పుకి కొత్త నోటు. పాత డబ్బా టీవీ ఉన్నన్నాళ్లూ ఈ గొడవ లేదు. దానికి పొట్ట ఉండేది, పొట్ట ఉన్నచోట గొంతూ ఉంటుంది. స్పీకరు మొహం మన వైపే పెట్టుకుని మాట్లాడేది. ఇప్పుడొచ్చినది అప్పడం. అప్పడంలో స్పీకరు ఎక్కడ పెడతారు? అడుగున రెండు చిన్నవి అతికించి, నేల చూపులు చూడమని వదిలేశారు. అందులో కోడలు ఏడిస్తే ఆ ఏడుపు ముందు బల్లకి చేరుతుంది, బల్ల గోడకి చెబుతుంది, గోడ నుంచి అమ్మ చెవికి వచ్చేసరికి మిర్చి యార్డులో కాయకి పోయినట్టు తరుగు పోతుంది.

పోయే తరుగు కూడా మంచి సరుకులోనే పోతుంది. మాటలో బలమంతా అచ్చులది, అర్థమంతా హల్లులది. క, త, ప, స లాంటి వాటిని విడదీసి చెప్పేది ఎక్కువగా రెండు వేల హెర్ట్జ్‌కి పైనుండే సన్నటి శబ్దాలు. వయసు మీదపడ్డ చెవి ముందు వదులుకునేది ఆ సన్నటి వాటినే. అందుకే మా అమ్మకి అక్కా, అత్తా, అప్పా ఒకటే వరస. సీరియల్లో ఈ మూడు వరసలూ కలిసిపోతే కథ ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించుకోండి. ఒక నెలంతా ఆవిడ ఒక పెళ్లికూతురిని పెళ్లికొడుక్కి అత్త అనుకుని చూసి, చానల్ వాళ్లని బూతులు తిట్టింది.

సౌండ్‌బార్ కొందామన్నాను. అంతే, ఇల్లు పంచాయతీ అయింది.

మా నాన్న దేన్నైనా టిక్కీల్లో లెక్కేస్తాడు. తెలియనివాళ్లకి చెబుతున్నా, టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన బస్తా, నలభై అయిదు కిలోల అటూఇటూ. "ఎంతంటా అది?" అన్నాడు. ఇరవై వేల దాకా అన్నాను. కళ్లు మూసుకున్నాడు. 2023లో తేజ రకం మిర్చి క్వింటా ఇరవై వేలు దాటి పలికినప్పుడైతే రెండు టిక్కీలు. 2025లో పదకొండు వేలకి పడిపోయింది కాబట్టి నాలుగు. "అదే సౌండుబారు, అదే ఇల్లు, అదే చెవి. రెండేళ్లు ఆగినందుకు రెండు టిక్కీలు ఎక్కువ" అన్నాడు, ఆగమన్నది తానే అన్న సంగతి పక్కన పెట్టి. ఆ ఏడు ఫిబ్రవరిలోనే కేంద్రం మిర్చికి క్వింటాకి 11,781 రూపాయలని లెక్క కట్టింది. ఆ వార్త నాన్న టీవీలోనే చూశాడు, కింద పరిగెత్తే అక్షరాల్లో. ఆయన టీవీ చూసేది ఆ అక్షరాల కోసమే. శబ్దంతో పనే లేదు. ఎప్పుడన్నా పాత సినిమాలో జగ్గయ్య కనపడితే మాత్రం, "మన తెనాలి పక్క మోరంపూడి గొంతు. ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివిన గొంతు. దానికి బారెందుకు?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ గొంతుకి నిజంగానే అక్కర్లేదు.

రెండో పెద్దమనిషి మా బాబాయి. ముప్పై ఏళ్లు మైకుసెట్టు నడిపాడు. పెళ్లిళ్లు, పెద్దఖర్మలు, ఎలక్షన్లు, రికార్డింగ్ డాన్సులు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి మా చుట్టుపక్కల ఊళ్లు ఎనభై, తొంభై అడుగుల ప్రభలు కట్టుకుని పోతాయి కదా, వాటి ముందు మోగిన మోతలో బాబాయి వాటా కొంత ఉంది. ఆయన చెవిలో సౌండు అంటే రొమ్ముకి తగలాలి. "అడుగున్నర బద్ద ఏం మోగుద్ది అబ్బాయ్? నా పాత గొట్టాలు రెండు అటకమీదున్నాయి. దులిపి ఇస్తా, ఇంట్లో ఒకటి, దొడ్లో ఒకటి కట్టుకో. మార్టూరు దాకా ఇనపడుద్ది." మార్టూరులో మా అమ్మ సీరియల్ ఎవరికి కావాలి బాబాయ్ అంటే, "ఆళ్లకీ కావాలంటే?" అన్నాడు.

మూడోవాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా వాడు. ఫోన్లోనే పాఠం చెప్పాడు. "నాన్నా, సినిమా శబ్దం అయిదారు పాయల్లో రికార్డు చేస్తారు. మాటలన్నీ మధ్య పాయలో ఉంటాయి. మన టీవీకి రెండే పాయలు. అయిదింటినీ తెచ్చి రెండింట్లో కుక్కుద్ది. మాట మీద సంగీతం ఎక్కి కూర్చుంటుంది. నువ్వు 2.1 కొనొద్దు, 3.1 కొను. మధ్యలో మాటకి వేరే స్పీకరు ఉంటది." ఒకటే పెరిగిందేంట్రా అంటే, "ఆ ఒకటే నాన్నమ్మది" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. ఇది బుర్రకథ! నడుమ తంబురా పట్టుకుని కథకుడు. అటొకరు, ఇటొకరు గుమ్మెటలతో వంతలు. ఎడమ, కుడి, మధ్య మూడు, గుమ్మెట దరువు పాయింటు ఒకటి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ ఏర్పాటుతోనే ఊళ్లకి ఊళ్లని తెల్లవార్లూ కూర్చోబెట్టాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. వంతలు ఎంత వాయించినా కథకుడు నోరు తెరిచేసరికి గుమ్మెటలు తగ్గాలి. తగ్గకపోతే అది బుర్రకథ కాదు, ఊరేగింపు. మా టీవీలో ఇన్నాళ్లూ కథకుడు సెలవు పెట్టి వెళ్లాడు, వంతలు మాత్రం వాయిస్తున్నారు.

నాన్ననీ బాబాయినీ తీసుకుని గుంటూరు వెళ్లాను. యార్డుకి ఎటూ వెళ్లాలి, దారిలో ఒక పెద్ద కొట్టు.

కుర్రాడు మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, తలుపేసి, ఒక ఇంగ్లీషు సినిమా పెట్టాడు. బాంబులు పేలాయి. హెలికాప్టరు మా తలల మీదుగా వెళ్లి ఏసీలోకి దూరింది. బాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందంతో.

"సీరియల్ పెట్టు బాబూ" అన్నాను.

"అంటే సార్?"

"అత్తాకోడళ్లది. గుసగుసలాడేది. మా అమ్మకి బాంబులు వినపడతాయి. గుసగుసలే వినపడవు."

కొట్టు పెట్టినప్పటి నుంచీ ఆ మాట అడిగినవాళ్లు లేరట. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను పాఠకులకి గట్టిగా చెబుతాను: కొట్లో వాళ్లు వినిపించేది వినొద్దు, మీ ఇంట్లో వినేది అడిగి పెట్టించుకోండి.

తర్వాత వాట్లు. "ఇది 800 వాట్లు సార్, అది 300" అన్నాడు కుర్రాడు. అప్పటిదాకా బొమ్మలా కూర్చున్న నాన్న కదిలాడు.

"తడిపినయ్యా, ఎండినయ్యా?"

కుర్రాడికి అర్థం కాలేదు. నాకైంది. మిరపకాయల మీద నీళ్లు చల్లి తూకానికి పెట్టే విద్య మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. మా వాడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. "తాతయ్యా, పెట్టెమీద పెద్దక్షరాలతో రాసేది చాలాసార్లు పీక్ వాట్లు. ఒక్క క్షణం ఎగిరి పడే లెక్క. ఆగకుండా మోగేదాన్ని ఆర్‌ఎంఎస్ అంటారు. అది అడుగు." నాన్న కుర్రాడి వైపు తిరిగి, "అదే నేనడిగింది" అన్నాడు. ఎండబెడితే 800 కాస్తా బాగా కుంగింది.

"డాల్బీ అట్మాస్ తీసుకోండి సార్. స్పీకర్లు పైకి చూస్తుంటాయి. శబ్దం స్లాబుకి తగిలి మీ మీద పడుతుంది. వాన కురిసినట్టే ఉంటుంది."

"మాది పెంకుటిల్లు నాయనా. వాన నిజంగానే కురుస్తుంది."

అట్మాస్‌కి చదునైన కప్పు కావాలి. మా పెంకుల వాలు మీద పడ్డ శబ్దం జారి పక్కింటికి పోతుంది. వాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేసే వీలు లేదు కాబట్టి అది మానేశాం.

ఆఖరి పరీక్ష, తీగ. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉండాలి. మామూలు రంధ్రం టీవీలోకి తీసుకోవడమే గానీ తిరిగి ఇవ్వదు. ఇది శబ్దాన్ని వెనక్కి ఇస్తుంది. 2009లో వచ్చిన ఏర్పాటు. అది ఉంటే ఒక్క తీగ, ఒక్క రిమోటు. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడని చూడమన్నాను. టార్చి పట్టుకుని టీవీ వెనక్కి వెళ్లింది. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.

"ఉందా?"

"బల్లి ఉంది."

"రాసుందా?"

"దాని తోక తీస్తే గదా తెలిసేది!"

తోక కింద ఏఆర్‌సీ ఉంది.

బేరమాడి 19,800కి తెచ్చాం. క్వింటా పదకొండు వేల లెక్కన టిక్కీ 4,950, అచ్చంగా నాలుగు టిక్కీలు. కమీషను, హమాలీ, కిరాయి కలిపితే అయిదోది కూడా కదిలిందని నాన్న ఇంటిదాకా అంటూనే ఉన్నాడు.

బిగించే పని బాబాయి తన మీద వేసుకున్నాడు. ఆ పాయింటు ఒకటిని, అంటే ఊఫరు డబ్బాని, గోడ మూలకి నెట్టి, బాసు చివరంటా తిప్పాడు. ఆ సాయంత్రం సీరియల్లో కోడలి చేతిలోని పాలగ్లాసు జారింది. ఇలాంటి చోట మూడుసార్లు "ధన్" అని కొట్టి, ఇంట్లో అందరి మొహాలూ మూడేసిసార్లు చూపిస్తారని మీకు తెలుసు. మొదటి ధన్‌కి మా స్టీలు పళ్లేల స్టాండు గజగజలాడింది. రెండోదానికి ఆవకాయ జాడీ మూత పక్కకి జరిగింది. మూడోదానికి పక్కింటి పిన్ని పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి ఉరికింది. ఆవిడ పుట్టిల్లు ముండ్లమూరు వైపు. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో నిజంగానే భూమి కంపించినప్పుడు ఆవిడ అక్కడే ఉంది. మేం వెళ్లి "భూకంపం కాదు పిన్నీ, పాలగ్లాసు" అని చెప్పేసరికి ఆవిడ మమ్మల్ని చూసిన చూపుంది చూశారూ, ఏ చానలూ తీయలేదు.

మర్నాడు మా వాడు ఫోన్లో చెబుతుంటే ఊఫరుని మూల నుంచి ముందుకి లాగి, బాసు తగ్గించి, వాయిస్ అని ఉన్న మీట నొక్కాను. కథకుడు సెలవు నుంచి వచ్చాడు. అరవైలో పెట్టినా అందని మాటలు పన్నెండులో స్పష్టంగా వినపడ్డాయి. అక్క అక్కే, అత్త అత్తే. అమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కసారి కూడా "ఏమందీ" అనకుండా అరగంట చూసింది. మా ఆవిడ ఆ అరగంటలో ఏం చేయాలో తోచక బీరువా సర్దింది.

ఈ సుఖం మూడు రోజులు.

నాలుగోరోజు మధ్యాహ్నం, మా దొడ్లో తాలుకాయలు ఏరే ఆరుగురు ఆడవాళ్లూ పని ఆపి కిటికీ దగ్గరికి వచ్చారు. మొహాలకి గుడ్డలు, కళ్లలో కోపం. కూలి పెంచమంటారేమోనని నాన్న లోపలికి తప్పుకున్నాడు.

"ఏంది పెద్దమ్మా, మా మీద ఏమన్నా అలిగావా?" అంది పెద్దది.

"నేనెందుకు అలుగుతానే?"

"మూడు రోజుల్నించీ సౌండు పెట్టట్లా! ఆ పిల్ల పాలల్లో ఏం కలిపిందో, ఆళ్ల మామ తాగాడో లేదో తెలవక మాకు చేతులాడట్లా. కావాలంటే సూడు, మూడు రోజుల్లో ఎంత కాయ ఏరామో!"

అమ్మ చెముడు పుణ్యమా అని మూడు సీజన్లుగా వాళ్లు మా టీవీ వింటున్నారు. ఆ కాయ ఘాటులో ఎండపొద్దంతా మా దొడ్డికే రావడానికి కారణం మా నాన్న ఇచ్చే కూలి కాదని ఆరోజు తెలిసింది. నాన్నకి కూడా. పక్కూరి ఆసామి ఒకడు ఇంకో ఇరవై ఇస్తానన్నా వాళ్లు వెళ్లలేదట.

నాన్న బయటికి వచ్చి, కాసేపు మిరప గుట్టని చూశాడు, కాసేపు ఆకాశాన్ని చూశాడు. "ఏరా, ఆ బద్ద కిటికీలో పట్టుద్దా?" అన్నాడు.

పట్టింది. కొలిచి చేసినట్టు పట్టింది. తీగ అందకపోతే బ్లూటూత్ కలిపాను. బ్లూటూత్‌లో పెదవి ముందు కదిలి మాట వెనక వస్తుందని మా వాడు భయపెట్టాడు గానీ, వినేవాళ్లు బొమ్మ చూడరు. చూసే అమ్మకి అది మొదట్నుంచీ హిందీలో తీసి తెలుగు మాటలు అతికించిన సీరియలే, పెదవికీ మాటకీ ఎప్పుడూ పొత్తు లేదు. మిరప దుమ్ము పడకుండా దాని మీద పాత పంచె ముక్క ఒకటి కప్పాం.

ఇప్పుడు బారు దొడ్డివైపు చూస్తుంది. ఊఫరు మాత్రం లోపల, అమ్మ మంచం కింద. టీవీలో బొమ్మ కదులుతుంది, మంచం కింద గుమ్మెట ధన్నుమంటుంది, కథకుడు బయట మిరప గుట్టకి కథ చెబుతుంటాడు. అమ్మ కిటికీ వైపు మెడ చాపి కేకేస్తుంది.

"ఏమందే?"

"తాగొద్దంటోంది పెద్దమ్మా!" అని ఒకావిడ.

"కలిపింది ఈ పిల్ల కాదంట!" అని రెండో ఆవిడ.

"తోడికోడలంట!" అని ఆరుగురూ.