‘బెస్ట్’ అన్నారని పొంగిపోకండి

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలే రైతుకు నా మొదటి సలహా: బడిలో నేర్చుకున్న ఇంగ్లీషును ఇంటి దగ్గరే వదిలి బండెక్కండి. ముఖ్యంగా ‘బెస్ట్’ అనే మాటను. బడిలో దానికి పైన ఇంకేమీ లేదు. యార్డులో దాని నెత్తిన డీలక్స్ ఉంటుంది. కింద మీడియం బెస్ట్, మీడియం, అట్టడుగున తాలు. వ్యాపారి మీ సరుకు చూసి “బెస్టే” అన్నాడంటే మెచ్చుకున్నట్టు కాదు, రేటు ఒక మెట్టు దించినట్టు.

ఆ మాట ఎలా పడుతుందో దగ్గరుండి చూడండి. టిక్కీ మూతి విప్పి, పైకాయ వదిలేసి, చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు కాయలు లాగుతాడు. వెలుతురుకు తిప్పి రంగు చూస్తాడు. పిడికిలి బిగిస్తాడు. గలగలమంటే ఎండిన కాయ, మెత్తగా అణిగితే తేమ ఉన్న కాయ. మచ్చకాయ, తెల్లకాయ ఉన్నాయేమో వేలితో కెలుకుతాడు. నిమిషం పట్టదు. ఆగస్టులో నాటిన మొక్కకు మార్చిలో ఆ నిమిషంలోనే పేరు పెడతారు.

అప్పుడు “మాది బెస్ట్ సరుకండీ” అని మీరే అనకండి. అన్నారా, మీ నోటితో మీరే మెట్టు దిగినట్టు. పోనీ డీలక్స్ అందామా అంటే అదీ వద్దు. దేవనూరు డీలక్స్ అని ఒక మిర్చి రకమే ఉంది, యార్డంతా దాన్ని డీడీ అంటారు. పుట్టుకతో డీలక్స్ అయిన ఆ కాయ కూడా తేడా వస్తే మీడియంలో పడుతుంది. అందుకని తేజ అనో 334 అనో రకం పేరు చెప్పి ఊరుకోండి, గుణం మాత్రం చెప్పకండి.

పేపర్లో వేసే పై రేటు అసలు చదవకండి. అది మేలైన కొద్దిపాటి లాట్లకు పలికిన ధర. దాన్ని చూసి అమ్మాయి పెళ్లికి, కౌలుకు లెక్కలు కట్టి వడ్డీకి తెచ్చేవాళ్లున్నారు. మీడియం రేటు ఒక్కటి చూసి అప్పు చేయండి. మిగిలితే మంచిదే.

పత్తి దగ్గరికి వచ్చేసరికి మొత్తం తిరగేసుకోవాలి. కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనేది ఫెయిర్ యావరేజ్ క్వాలిటీ పత్తి. అక్కడ ‘యావరేజ్’ అనిపించుకోవడమే గొప్ప. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర వస్తుంది. 2025-26లో పొడవు పింజకు అది క్వింటాకు 8,110 రూపాయలు. 8 దాటితే కోత, 12 దాటితే వెనక్కి. మీవాడు యావరేజ్ అని మాస్టారు చెప్పినా పత్తి లెక్కే వేసుకోండి, పిల్లాణ్ణి కొట్టకండి.

పరీక్షకు వెళ్లే పిల్లకు ‘ఆల్ ది బెస్ట్’ చెప్పకండి. యార్డు లెక్కలో అది రెండో రకం దీవెన. “బాగా రాసి రా తల్లీ” అంటే చాలు. మధ్యవర్తి బెస్ట్ సంబంధం అంటే పైకాయ వదిలేసి లోపలికాయ తీసి చూడండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది పురుగుమందుల కొట్టు గురించి. “బెస్ట్ మందు ఏది?” అని ఎన్నడూ అడగకండి. ఆ ప్రశ్నకు కౌంటరు మీద డబ్బాలు ఒకటికి నాలుగవుతాయి. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూలలో చేరినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు కొన్న ప్రతి సీసా బెస్టే. కొట్టిన మందు మీదే మళ్లీ మందు కొట్టారు. పూత రాలిపోయింది, చాలామంది చేలు దున్నేశారు, కౌలు రైతు అప్పుతో మిగిలాడు. ఆ ఏడాది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఏ మందు కొట్టకపోయినా పర్వాలేదో అడగండి. కొట్టులో జవాబు రాకపోతే రెండు రెమ్మలు పూలతో సహా తుంచి సంచిలో వేసుకుని లాం ఫారానికి, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి, వెళ్లండి. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డు మీదే ఉంది, ఆటోలు దొరుకుతాయి.