ఆకులే పూసిన డిసెంబరాలు

మా పెరట్లో డిసెంబరాల మొక్క డిసెంబరులో పూయలేదు. సంక్రాంతికీ పూయలేదు. ఆకు మాత్రం సాగర్ కుడికాలువ కింద నారుమడిలా నిగనిగలాడింది. ఈ ఘనత పూర్తిగా నాదే.

నిజానికి దానికి పెంపకందారు అక్కర్లేదు. మన అడవిపువ్వే. కాయ ఎండితే ఠప్పున చిట్లి, గింజల్ని తనే విసిరేసుకుంటుంది. 1753లోనే లిన్నేయస్ పుస్తకంలో బార్లేరియా క్రిస్టాటాగా ఎక్కింది. బార్లేరియా అన్నది బారెలియే అనే ఫ్రెంచి సన్యాసి పేరు మీద వచ్చింది, ఆయనా మొక్కల పండితుడే. ఇదంతా మా ఆవిడకు వివరిస్తే, "ఆయనైనా పూయించాడా?" అంది.

వానాకాలంలో జానెడు కొమ్మ తుంచి గుచ్చితే వేరూనుతుంది. మా నరసరావుపేట నల్లరేగడిలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి కాస్త ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి. రెంటచింతల పేరు వార్తల్లోకెక్కే ఎండల్లో, మధ్యాహ్నం కాస్త నీడ పడితే చాలు. అంతవరకూ మా అత్తగారు చూసుకున్నారు. ఆవిడ ఊరెళ్లాక నేను పూనుకున్నాను.

బావమరిది మిరపచేలో వేయగా మిగిలిన యూరియా తెచ్చి పిడికెడు చల్లాను. మొక్క ఆకుల మీద ఆకులు తొడిగింది. నాకు ఛాతీ ఉబ్బింది. చివుళ్లు తుంచితే గుబురుగా పెరుగుతుందని ఎవరో చెప్పారు. అబద్ధం కాదు. కానీ ఆ తుంచుడు శ్రావణంతో ఆపాలి, గట్టి కత్తిరింపు పూలన్నీ అయ్యాక మాఘ ఫాల్గుణాల్లో పెట్టుకోవాలి. ఎందుకంటే మొగ్గలు వచ్చేది కొమ్మల చివర్లలో, ఆకుసందుల్లో. నేనేమో కార్తీక పౌర్ణమి దాకా కత్తెర దించలేదు. మొగ్గల్ని కప్పుకుని ఉండే ఆకురేకులకి అంచంతా ముళ్లముళ్లుగా ఉంటుంది. అది చూసి, ఏదో తెగులు పట్టిందని, ఒక్కో గుత్తినీ వెతికి మరీ కత్తిరించి పారేశాను. ఒక్కటి కూడా తప్పించుకోలేదు. ఆ శ్రద్ధ ఇంటిపన్నులో పెట్టుంటే నోటీసు వచ్చేది కాదు.

ధనుర్మాసం వచ్చింది. గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు పక్కింటి పిన్నిగారిచ్చారు. జడలోకి కనకాంబరాలతో కలిపి కట్టే ఊదా డిసెంబరాలు మాత్రం మా ఆవిడ బజారులో మూరల లెక్కన కొంటోంది.

"మీ ఇంట్లో చెట్టుందన్నావు గదమ్మా?" అందట పూలామె.

"ఉందమ్మా. మా ఆయన కూడా ఉన్నాడు."