లక్ష దాటిన ఇంజన్ల తరఫున ఒక విన్నపం

మహారాజశ్రీ కేంద్ర పెట్రోలియం, సహజవాయు మంత్రిత్వ శాఖ వారి సముఖానికి,

2025 ఆగస్టులో ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మీద జనం గోల పెడితే తమరు ఓపిగ్గా సంజాయిషీ ఇచ్చారు. ఈ ఉత్తరానికి మూలం అందులోని ఒక వాక్యం. కార్బురేటర్ బండ్లనూ ఫ్యూయల్ ఇంజక్షన్ బండ్లనూ మొదటి లక్ష కిలోమీటర్ల దాకా, పదివేలకోసారి చొప్పున పరీక్షించారనీ, శక్తిలోనూ టార్క్‌లోనూ ఇంధనం ఖర్చులోనూ లెక్కకు వచ్చే తేడా కనిపించలేదనీ అన్నారు. సంతోషం. ఆ ఫలితాన్ని కాదనను. నా సందేహమంతా ఆ లక్ష అనే అంకె దగ్గరే. లక్షా ఇరవై వేల దగ్గర ఏమవుతుంది? లక్షా ఎనభై దగ్గర? కొత్త కారు కొనుక్కున్న ఆసామి చాలాసార్లు లక్ష రాకముందే అమ్మేసి ఇంకోటి కొంటాడు. ఆ లక్షకు అవతల బండి నడిపేది రెండో ఓనరు, మూడో ఓనరు. అంటే మీ పరీక్ష ఆగిన చోట వాళ్ళ ప్రయాణం మొదలవుతుంది. వాళ్ళ చేతుల్లో అరిగిన ఇంజన్ల గురించి, అందులోనూ టర్బో ఉన్న పెట్రోలు ఇంజన్ల గురించి, ఈ విన్నపం.

ఇథనాల్ పేరు చెబితే మండిపడే జాబితాలో నన్ను చేర్చకండి. అసలు టర్బో ఇంజన్‌కి ఇథనాల్ కన్నా నచ్చే ఇంధనం దొరకడం కష్టం. టర్బో గాలిని ఒత్తి సిలిండర్లోకి తోస్తుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికీ ఒత్తిడికీ పెట్రోలు అదను తప్పి తనంతట తానే భగ్గుమంటే మెకానిక్కులు నాకింగ్ అనే టకటక మొదలై, పిస్టన్ల ప్రాణం మీదికి వస్తుంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు, పెట్రోలు లాక్కునే వేడికి రెండు రెట్ల పైచిలుకు లాక్కుంటుంది. నాకింగ్‌ని తట్టుకునే శక్తికి కొలత అయిన ఆక్టేన్ దానికి నూరు దాటే ఉంటుంది. మామూలు బీఎస్-6 పెట్రోలుకి 91 అయితే ఈ20కి 95. స్వీడన్‌లో సాబ్ కంపెనీ 2005లో తెచ్చిన 9-5 బయోపవర్ కారు పెట్రోలు మీద 150 హార్స్‌పవర్ ఇచ్చేది. ఈ85 పోస్తే అదే టర్బో ఇంజన్ 180 ఇచ్చేది. పైగా పాత టర్బో ఇంజన్లో పిస్టన్ మీద మసి గడ్డకట్టి, అరిగిన సీళ్ళ గుండా ఆయిల్ ఆవిరి గాలిలో కలిసి, నాకింగ్‌కి అన్ని సదుపాయాలూ అమరి ఉంటాయి. ఆ లెక్కన ముసలి టర్బోకి ఇథనాల్ మందులా పనిచేయాలి. ఇథనాల్ టర్బోని చంపేస్తుందని ఊరంతా చాటేవాళ్ళు ఈ సగం కథ ఎగ్గొడతారు. మీరు మాత్రం ఈ సగమే చెబుతారు.

మిగతా సగం ఇది. సాబ్ వాళ్ళు ఆ ఇంజన్ కవాటాలనీ వాటి సీట్లనీ ఇంధనం గొట్టాలనీ ఇథనాల్‌కి తట్టుకునేలా తయారుచేశారు. ట్యాంకులో ఏ పాళ్ళలో ఏముందో కనిపెట్టి, దానికి తగ్గట్టు స్పార్క్‌నీ బూస్ట్‌నీ (టర్బో తోసే గాలి ఒత్తిడినీ) మార్చుకునే తెలివి దాని కంప్యూటర్‌కి పెట్టారు. మన రోడ్ల మీద 2013 నాటి ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్‌కీ, పోలో జీటీ టీఎస్‌ఐకీ, 2017 నాటి పెట్రోలు నెక్సాన్‌కీ ఆ చదువు ఎవరూ చెప్పలేదు. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిది చాలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి కూడా పెట్రోలులో మూడింట రెండొంతులే. అందుకని ఈ20 మీద, అచ్చమైన పెట్రోలుతో పోలిస్తే, దాదాపు ఏడు శాతం ఎక్కువ ఇంధనం చిమ్మాలి. ఎంత చిమ్మాలో సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంటే కంప్యూటర్ సర్దుకుంటుంది. చాలా కార్లలో ఆ సర్దుబాటుకి పాతిక శాతం దగ్గర గీత ఉంటుంది. కొత్త బండికి ఏడు ఒక లెక్క కాదు. లక్షన్నర తిరిగిన బండిలో పంపు నీరసించి ఉంటుంది, ఇంజక్టర్ రంధ్రాలు సగం పూడి ఉంటాయి, గాలి గొట్టం ఎక్కడో చిట్లి ఉంటుంది. ఆ సర్దుబాటులో చాలా భాగం వీటికే అయిపోయి ఉంటుంది. జీతం వచ్చిన రోజు జేబులోంచి ఐదొందలు జారిపోతే మనకి తెలియదు; ఇరవైతొమ్మిదో తారీఖున జారితే ఇల్లంతా వెతుకుతాం. అదే ఏడు శాతం పాత బండికి చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది. నిండు బూస్ట్‌లో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, చాలా కంప్యూటర్లు సెన్సర్ మాట పక్కనబెట్టి తమలో ముందే రాసిపెట్టిన ఇంధన పట్టికనే నమ్ముకుంటాయి. పంపు అందించలేక ఇంధనం చాలకపోతే మంట వేడెక్కి, ఇథనాల్ ఏ నాకింగ్‌ని ఆపాలో ఆ నాకింగే మళ్ళీ తలెత్తుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆయిల్ సంగతి. రింగులు అరిగిన ఇంజన్లో మండీ మండని ఇంధనం పిస్టన్ పక్కనుంచి జారి కింద ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి ఇంజన్ బాగా కాగితే ఆవిరై పోతుంది. హైవే బండికి ఈ బాధ తక్కువ. స్వీడన్ చలికాలంలో ఇంజన్ కాగక పడే కష్టాలు మన ఎండల్లో లేవన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు కొని, ఇంటికొచ్చి ఆపేసే బండిలో ఆయిల్ ఎన్నడూ సరిగా కాగదు. దిగిన ఇథనాల్, దహనంలో పుట్టిన నీరు, ఆయిల్ మూడూ కలిసి చిక్కటి నురగవుతాయి. ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపలి అంచుకి తెల్లటి జిడ్డు అంటుకుని ఉంటుంది. ఏ షెడ్డులోనైనా మెకానిక్ ముందు చూసేది అదే. మామూలు ఇంజన్ ఇలా చెడిన ఆయిల్‌తో కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. టర్బో నెట్టుకురాలేదు. దాని ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతూ సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ పొర బలహీనపడితే ముందు పోయేది టర్బోయే. దాని మరమ్మతు బిల్లు, మీరు చవకన్న రబ్బరు వాషర్ల బిల్లులా ఉండదు.

వాషర్ల మాట ఎత్తాను కాబట్టి చెబుతాను. కొన్ని పాత బండ్లలో ఇరవై, ముప్ఫై వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలూ గాస్కెట్లూ మార్చాల్సి రావచ్చనీ, అది మామూలు సర్వీసింగులో అయిపోతుందనీ సెలవిచ్చారు. ఏ బండికి ఏ భాగమో కంపెనీ చేత జాబితా ఇప్పిస్తే ఆ మాట నిలబడుతుంది. ఇథనాల్‌కి మంచి ద్రావకం గుణం కూడా ఉంది. ఏళ్ళ తరబడి ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్లోకి తోస్తుంది. చాలా కార్లలో ఆ ఫిల్టరు ట్యాంకు లోపలే, పంపుతో కలిపి ఉంటుంది. ఇక, పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు తప్ప పోర్టికోలోంచి కదలని కార్లు కోస్తా ఊళ్ళలో బోలెడు. నెలల తరబడి గాలిలోని తేమ పీల్చుకున్న ఇథనాల్ వాటి ట్యాంకుల్లో ఏం చేస్తుందో ఎవరైనా అడిగారా?

ఇంత పాత బండి తుక్కుకి వేయక ఎందుకు అనవచ్చు. పదిహేనేళ్ళు నిండిన సొంత కారుకి ఫిట్‌నెస్ చూసి, రుసుము కట్టించుకుని ఇంకో ఐదేళ్ళు ఆర్‌సీ పొడిగిస్తున్నది మీ సోదర శాఖే. ఒక శాఖ నడుపుకోమని ముద్ర వేసిన బండికి ఇంకో శాఖ తగిన ఇంధనం లేకుండా చేయడం చోద్యం. బ్రెజిల్‌లో 30 శాతం పోస్తున్నారు కదా అనవచ్చు. అక్కడ ఇథనాల్ కార్యక్రమం 1975లో మొదలైంది. ఫ్లెక్స్ కార్లు 2003లో వచ్చాయి. బంకులో పెట్రోలు ధరా ఇథనాల్ ధరా పక్కపక్కనే కనిపిస్తాయి. ఇథనాల్ ధర పెట్రోలులో 70 శాతం దాటితే గిట్టదని అక్కడ ప్రతి డ్రైవరుకీ తెలుసు. 2025 ఆగస్టు 1న మామూలు పెట్రోలులో 30కి పెంచినప్పుడు కూడా ప్రీమియం రకాన్ని 25 దగ్గరే ఉంచారు. బ్రిటన్ 2021 సెప్టెంబరులో ఈ10 తెచ్చినప్పుడు పాత బండ్ల కోసం సూపర్ పెట్రోలుని ఈ5గా అట్టిపెట్టింది. ఫ్రాన్స్‌లో కారుని ఈ85కి మార్చుకోవాలంటే 2017 నుంచి ఆమోదముద్ర ఉన్న కిట్టే బిగించాలి, అదీ గుర్తింపు ఉన్న షెడ్డులోనే. మనం పదే పదే ఉదాహరణగా చెప్పే దేశాలన్నీ పాత ఇంజన్‌కి ఏదో ఒక తలుపు తెరిచే ఉంచాయి.

ఆ తలుపు మన కాగితాల్లోనూ ఉంది. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ వెలువరించిన ఇథనాల్ మార్గపటంలో, పాత వాహనాల రక్షణ కోసం ఈ10 దొరుకుతూనే ఉండాలని రాశారు. ఇథనాల్ లేని పెట్రోలుకి రూపొంది, ఈ10కి సర్దిన కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చనీ, ఆ నష్టానికి బదులుగా ధర తగ్గించాలనీ కూడా రాశారు. ధర సంగతికి మీ జవాబు నిజాయితీగానే ఉంది: 2025 జులై ఆఖరుకి ఇథనాల్ సేకరణ ఖర్చు లీటరుకి సగటున 71 రూపాయల 32 పైసలు, శుద్ధి చేసిన పెట్రోలు కన్నా ఎక్కువ. సరే, తగ్గించలేరు. కానీ ధర తగ్గించలేకపోవడానికి చూపే కారణం ఈ10ని మాయం చేయడానికి పనికిరాదు కదా. రెండు రకాలు నిలవ చేయడానికి బంకుల్లో ట్యాంకులు చాలవంటారు. ప్రీమియం పెట్రోలుకి వేరే ట్యాంకూ వేరే నాజిలూ ఉన్న బంకులు పట్టణాల్లో లేకపోలేదు. వాటిలో ఈ10 పోయడం మొదలుపెట్టవచ్చు. జిల్లాకి నాలుగు బంకులైనా మొదలు మొదలే. రైతు నష్టపోతాడన్నది గట్టి వాదన. అయితే ఈ10 మీద నడిచే పాత బండ్లు ఏటేటా తగ్గిపోయేవే, పెరిగేవి కావు. చెరకు, మొక్కజొన్న రైతుకి శాశ్వతంగా తగిలే దెబ్బ ఏమీ లేదు.

సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న ఈ20 మీద వేసిన పిటిషన్ కొట్టేసింది కాబట్టి, ఇక మొర పెట్టుకోవడానికి మిగిలింది తమరే. ఇరవై శాతం దగ్గర ఆగరనీ, ఇరవై ఏడన్న మాట కూడా నడుస్తోందనీ వింటున్నాం. ఆ అడుగు వేసేలోగా ప్రతి నాజిల్ మీదా ఇథనాల్ శాతం కంటికి కనిపించేలా రాయించండి. ఈ10ని తిరిగి బతికించండి. ఆ లక్ష కిలోమీటర్ల పరీక్షని లక్ష దగ్గర మొదలుపెట్టి రెండు లక్షల దాకా ఇంకోసారి నడిపించండి. టర్బో ఉన్నవీ, ఆయిల్ తాగుతున్నవీ, బోరుకొచ్చినవీ తప్పకుండా కలపండి. ఫలితం మీకే అనుకూలంగా వచ్చినా మాకు సంతోషమే, కనీసం తెలుస్తుంది. బండ్లు ఎక్కడ దొరుకుతాయన్న దిగులు వద్దు. ఏ ఊళ్ళో సెకండ్ హ్యాండ్ కార్ల బేరగాడిని అడిగినా వరసగా నిలబెట్టి చూపిస్తాడు. కాకపోతే మీటరు చదివేటప్పుడు కాస్త జాగ్రత్త. మన దగ్గర లక్ష దాటిన కార్లలో చాలావాటికి, అమ్మకానికి వచ్చే వేళకి, మళ్ళీ డెబ్భై వేలే అవుతుంటాయి.

ఇట్లు,
పెట్రోలు ఎంత పోస్తే అంత పన్ను కట్టే ఒక వినియోగదారు